కుళాయి ఎత్తు

ఆ బడి మంచిదేనా అని
అన్నం కలుపుతూ అడిగింది నాగవేణి.
నాకేం తెలుసు?
పైపులు వేసేవాణ్ణి.
హిందూపురంలో ఏడో తరగతి దగ్గరే
నా చదువుకు వాషర్ అరిగిపోయింది.

అడిగింది కదా అని
నాకు తెలిసిన వైపునుంచే చూడటం మొదలుపెట్టాను.

మొదటిది హూడి సిగ్నల్ దాటాక, గాజుమేడ బడి.
గేటులో సంతకం, మెడలో ట్యాగు,
గోడనిండా నవ్వే పిల్లల ఫొటోలు.
అందులో ఒక నవ్వు నాకు తెలుసు,
మా సందు మొదట్లో పళ్లడాక్టరు బోర్డు మీద
రోజూ చూస్తుంటాను.
ఒకటో తరగతి బయట పన్నెండు బేసిన్లు,
వరసగా, తెల్లగా, నా నడుము ఎత్తున.
చెయ్యి చాపితే నీళ్లు.
చెయ్యి అందితే.
ఒక బుడ్డోడు మునివేళ్ల మీద లేచి
బేసిన్ అంచు తడంతా చొక్కాకి పూసుకుని
నీళ్లు రాకుండానే చేతులు తుడుచుకుని పోయాడు.
వెనక ఆయమ్మ "క్విక్, క్విక్" అంది.
ఆమెకొచ్చిన ఇంగ్లీషు అంతేనేమో.
నాకూ అంతే.

రెండోది మా దేవసంద్రలోనే, గవర్నమెంటు బడి.
బోర్డు మీది తలకట్లు ఎండకి ఎగిరిపోయాయి.
వాల్వు మార్చాక బిల్లు ఎవరి పేరున రాయాలంటే
పంకజాక్షి టీచరు తన పర్సు తీసింది.
కుళాయి ఒక్కటే. అదీ నా నడుము ఎత్తునే.
కింద మాత్రం రెండు సిమెంటు ఇటుకలు,
కాలు జారకుండా గోనెపట్టా చుట్టి.
పక్కన గోడమీద సుద్దతో ఏదో రాసుంది.
కన్నడ అక్షరాలు చుట్టాల్లాగే కనిపిస్తాయి,
పలకరిస్తే పలకవు.
అడిగితే ఆమే చదివి చెప్పింది:
ఇటుకలు చిన్నవాళ్లకి. అందినవాళ్లు దిగిపోవాలి.

ఇక్కడ ఆపేస్తే బాగుండు.
కానీ నేను మరుగుదొడ్లు కూడా చూస్తాను,
నా పనే అది.
రెండున్నాయి. ఒకదానికి తాళం.
చెవి హెడ్‌మాస్టరు దగ్గర,
హెడ్‌మాస్టరు ఓటర్ల లిస్టు డ్యూటీలో.
రెండోదానికి గడియ లేదు.
ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల
తలుపుకి వీపు ఆనించి నిలబడింది,
ఏడో ఎక్కం చెప్పుకుంటూ.
ఏడెనిమిదుల దగ్గర తడబడి మళ్లీ మొదలుపెట్టింది.
లోపలున్న పిల్ల అందించింది.
మూడు తరగతులకీ టీచరు ఒక్కతే.
ఒకటో తరగతి అక్షరాలు దిద్దుతుంటే
మూడో తరగతి కిటికీలోంచి
మెట్రో పెట్టెలు లెక్కపెడుతోంది.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.
నాగవేణి మూడిళ్లలో వంట చేస్తుంది.
"పిల్లలు ప్లేటు నాకుతున్నారా, పారబోస్తున్నారా?" అంది.
చూడలేదు.
"ఇంకొంచెం అంటే పెడతారా, గరిటె చూపిస్తారా?"
చూడలేదు.
"మరేం చూసొచ్చావు?"
కుళాయి.

మర్నాడు మధ్యాహ్నం తనే పోయింది.
వచ్చి, చెంబెడు నీళ్లు తాగి,
"సాంబారు పలచన" అంది.
గిన్నెలు తోముతూ, చాలాసేపటికి,
"ఆ టీచరు పిల్లల్తోనే కూచుని తింటోంది.
అదే సాంబారు."

భువన గోడకి అంటుకుని నిలబడింది,
తలమీద గీత గీయమని.
టేపు తీశాను.
మూడడుగుల ఏడంగుళాలు.
గీత చెరిగిపోతుందని భయపడి
అదే చోట రెండుసార్లు గీయించుకుంది.
"ఇటుకలు దిగేటప్పటికి ఎంతుంటాను?" అంది.
ఆ లెక్క నాకు రాదు.

సోమవారం పనిసంచీలో
ఒక గడియ, నాలుగు స్క్రూలు వేసుకున్నాను.
సంచీ కుడి భుజానికి,
ఎడమచేతిలో భువన చెయ్యి.
తాళం సంగతే ఇంకా తేలలేదు.
హెడ్‌మాస్టరు రానీ, అడుగుతాను.
నా తెలుగుకి తెరుచుకోకపోతే
అప్పటికి దీనికి కన్నడం వస్తుంది.